పాచి పట్టిన పుండు

ముండ్లమూరు పేరులోనే ముండ్లు వినిపిస్తాయి. పేరు సంగతి ఎలా ఉన్నా, దర్శి నుంచి ఆ వైపు వెళ్ళేవాళ్ళకు దారి పొడవునా ముళ్ళకు కొదవ లేదు. చెరువు కట్టల మీద, బీళ్ళలో, వాగుల ఒడ్డున, రోడ్డు పక్క గుంటల్లో ఎక్కడ చూసినా చిల్లచెట్లే. సర్కారు తుమ్మ అని కూడా అంటారు. ఇది ఈ నేలలో పుట్టిన చెట్టు కాదు, అమెరికా ఖండాల మొక్క. 1870ల చివర్లో అప్పటి మద్రాసు అటవీ అధికారులు గింజలు తెప్పించి కడప జిల్లా కమలాపురం దగ్గర నాటించారు. నూట యాభై ఏళ్ళు నిండకుండానే అది రాయలసీమనూ ప్రకాశం మెట్టనూ కమ్ముకుంది. దాని ముల్లు రబ్బరు చెప్పును దాటి అరికాల్లోకి దిగుతుంది. దిగి, విరిగి, లోపలే ఉండిపోతుంది.

ఒక రైతును ఊహించుకుందాం. యాభై ఐదేళ్ళ మనిషి. షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. మిరప తోటకు నీళ్ళు కట్టి, చీకటి పడ్డాక ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కుని లోపలికి నడిస్తే గచ్చు మీద తడి అడుగులు పడ్డాయి. కాసేపటికి ఒక కాలి అడుగులు ఆరిపోయాయి. రెండో కాలివి ఆరలేదు, జిగటగా ఉన్నాయి. భార్య దీపం దగ్గర కూర్చోబెట్టి పాదం ఎత్తి చూసింది. “ఏందయ్యా ఇది, రసి కారతంటే నీకు తెలవలేదా?” బొటనవేలి మొదట్లో ఆనికాయ, దాని నడుమ నల్లటి చుక్క. ముల్లు ఎప్పుడు దిగిందో అతనికి తెలియదు. ఆ మాటకొస్తే అతనికి నొప్పే లేదు.

అసలు కథంతా ఆ నొప్పి లేకపోవడంలోనే మొదలవుతుంది. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ముందుగా దెబ్బతినేది పొడవాటి నరాల కొసలు. శరీరంలో అన్నిటికన్నా పొడవైన నరాలు పాదాలకు వెళ్ళేవే. అందుకే తిమ్మిరి అక్కడ మొదలై, మేజోడు తొడిగినట్టు పైకి పాకుతుంది. అరికాలికి ముల్లు తెలియదు, మంట తెలియదు, చెప్పులోని గులకరాయి తెలియదు. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే దేశంలో 10.1 కోట్ల మందికి షుగరు ఉందని, మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారని లెక్క తేల్చింది. ఈ జబ్బు పట్నాల గేటు దాటి పల్లెకు వచ్చి చాలా కాలమైంది. పల్లెలో అది వట్టి కాళ్ళతో నడుస్తుంది.

ముల్లు తీశారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ సూది వేసి, మూడు రోజులకు గోళీలు ఇచ్చాడు. పుండు కాస్త ఆరినట్టనిపించింది, మళ్ళీ చెమ్మగిల్లింది. ఈసారి వేరే రంగు గోళీలు, అయిదు రోజులకు. నెల తిరిగేసరికి పుండు రూపాయి బిళ్ళంత. మూడు నెలలకు మూడో మందు, నాలుగో మందు. అప్పటికి ఇంట్లో అందరి నోటా ఒకటే మాట: ఇది మొండి పుండు.

ఆ మాట చాలా సరైనది. మొండితనం ఎవరిది అన్నదే ఈ అధ్యాయం. రైతు శరీరానిదా, పుండులో చేరిన సూక్ష్మజీవులదా, లేక మందుదా?

మామూలు గాయం మానడానికి ఒక వరుస ఉంది. మొదట రక్తం గడ్డకట్టి గండి పూడుస్తుంది. గంటల్లోనే తెల్ల రక్తకణాలు వచ్చి చేరతాయి. వాటిలో న్యూట్రోఫిల్ అనేవి ముందు వరుస సైన్యం. సూక్ష్మజీవుల్ని మింగి, చచ్చిన కణజాలాన్ని కరిగించి, పని అయ్యాక తామూ చచ్చిపోతాయి. చీము అంటే ఎక్కువ భాగం వాటి శవాలే. ఆ రణం సద్దుమణిగాక ఎర్రటి కొత్త కండ పొటమరిస్తుంది, దాని మీదుగా అంచుల నుంచి చర్మం పాకుతుంది. దుక్కి, విత్తు, కలుపు లాగా ఒకటి ముగిస్తేనే రెండోది మొదలవుతుంది.

మానని పుండులో రెండో అంచె ముగియదు. న్యూట్రోఫిల్స్ వస్తూనే ఉంటాయి. షుగరు వల్ల వాటికి చురుకు తక్కువ. రక్తనాళాలు సన్నబడితే ప్రాణవాయువు కూడా తక్కువే అందుతుంది. చంపాల్సినవాటిని చంపలేక అవి కక్కే ఎంజైములు కొత్తగా పుట్టబోయే కండనే అరిగిస్తాయి. కణాల్ని పెరగమని పిలిచే ప్రొటీన్లనూ ముక్కలు చేస్తాయి. పై నుంచి, నొప్పి తెలియని ఆ మనిషి అడుగు వేసిన ప్రతిసారీ ఒంటి బరువంతా పుండు మీదే పడుతుంది. ఇలాంటి చోటికి సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. పోషకాలున్న రసి ఊరుతూ ఉంటుంది, వెచ్చగా ఉంటుంది, కాపలా బలహీనం.

ఎవరొస్తారు? చాలా రకాలొస్తాయి. ఇద్దరి గురించి మాత్రం వివరంగా చెప్పుకోవాలి.

మొదటిది స్టఫిలోకాకస్ ఆరియస్. స్కాట్లండులోని అబర్డీన్ సర్జన్ అలెగ్జాండర్ ఆగ్‌స్టన్ 1880లో చీముగడ్డల్లోని చీమును సూక్ష్మదర్శినిలో చూసి, గుండ్రటి కణాలు ద్రాక్షగుత్తుల్లా ఉండడం గమనించాడు. పేరు ఆ గుత్తి నుంచే వచ్చింది. 1884లో రోజెన్‌బాఖ్ వాటి బంగారు రంగును బట్టి ఆరియస్ అని చేర్చాడు. ఆ రంగు అలంకారానికి కాదు. న్యూట్రోఫిల్ చల్లే విష రసాయనాల్ని ఆ పసుపు పదార్థం విరిచేస్తుంది. ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురి ముక్కులో ఈ జీవి ఏ హానీ చేయకుండా కాపురం ఉంటుంది. పుండులోకి దిగితే మాత్రం దాని చేతిలో ఆయుధాలు చాలా ఉన్నాయి. కోయాగులేజ్ అనే పదార్థంతో మన రక్తాన్నే గడ్డకట్టించి చుట్టూ గోడ కట్టుకుంటుంది. ప్రొటీన్-ఎ అనేదానితో మన ప్రతిరక్షకాల్ని తలకిందులుగా పట్టుకుంటుంది. కొన వైపు శత్రువును పట్టుకుని, తోక వైపు తెల్ల కణాల్ని పిలవాల్సిన ప్రతిరక్షకం అలా తిరగబడితే ఎవరినీ పిలవలేదు. ఆల్ఫా టాక్సిన్ అయితే ఏడు ముక్కలు గుండ్రంగా కూడి మన కణం పొరలో రంధ్రం పొడుస్తాయి. కణం కారిపోయి చస్తుంది.

రెండోది సూడోమోనాస్ ఏరుజినోసా. కట్టు విప్పినప్పుడు దూది మీద నీలం కలిసిన ఆకుపచ్చ మరక కనిపిస్తే నర్సమ్మలు చూడగానే గుర్తుపడతారు. ఫ్రాన్సులో సైనిక ఆసుపత్రి ఫార్మసిస్టు కార్ల్ గెస్సార్ 1882లో సరిగ్గా అలాంటి మరకలున్న కట్టుగుడ్డల నుంచే దాన్ని వేరుచేశాడు. ఆ నీలం రంగు పదార్థం పయోసయనిన్. అది మన కణాల్లో ఊపిరి తీసుకునే వ్యవస్థను చెడగొడుతుంది. ఎలాస్టేజ్ అనే ఎంజైము చర్మాన్నీ రక్తనాళాల గోడల్నీ పట్టి ఉంచే సాగుడు ప్రొటీనును కోస్తుంది. ఇంకో విషం, ఎక్సోటాక్సిన్-ఎ, కణంలోకి దూరి ప్రొటీన్ల తయారీనే ఆపేస్తుంది. కోరింత దగ్గుతో కలిపి పిల్లలకు టీకా వేస్తాం చూడండి, ఆ డిఫ్తీరియా క్రిమి చేసేదీ ఇదే పని. ఇవి చాలవన్నట్టు రామ్నోలిపిడ్ అనే సబ్బు లాంటి పదార్థం చుట్టూ చల్లుకుంటుంది. దగ్గరికొచ్చిన న్యూట్రోఫిల్ అందులో చిట్లిపోతుంది.

పాశ్చాత్య దేశాల్లో షుగరు పుండ్లలో ఎక్కువగా కనిపించేది స్టఫిలోకాకస్. మన దేశంలో చాలా ఆసుపత్రుల లెక్కల్లో సూడోమోనాస్, క్లెబ్సియెల్లా, ఈ.కొలై వంటి గ్రామ్ నెగటివ్ రకాలదే పైచేయి. ఇవి నీళ్ళలో, మట్టిలో, పేగుల్లో బతికేవి. బురదలో వట్టి పాదం, ఆలస్యంగా ఆసుపత్రికి రావడం, ముందే నాలుగు రకాల మందులు మింగి ఉండడం, అన్నీ ఇందులో కలిసే ఉన్నాయని నేననుకుంటాను.

ఇలా మన కణాల్ని దెబ్బతీసే సామర్థ్యాన్ని వైద్యశాస్త్రం విరులెన్స్ అంటుంది. ఉగ్రత అనుకుందాం. మందు వేసినా చావకపోవడం వేరే గుణం, దాన్ని మందును తట్టుకునే శక్తి అనాలి. ఈ రెండూ ఒకటి కాదు. “మందులకు లొంగని క్రిమి” అని పత్రికలో చదవగానే అది మహా క్రూరమైనదని మన మనసు అనుకుంటుంది. మందుకు లొంగనిది నెమ్మదస్తురాలు కావచ్చు. పాత పెన్సిలిన్‌కు చచ్చే స్ట్రెప్టోకాకస్ ఒక్క రాత్రిలో కాలును కుళ్ళబెట్టి ప్రాణం తీయవచ్చు. మానని పుండు విషయంలో ఈ తేడా తెలియకపోతే వైద్యమంతా తప్పుదారి పడుతుంది.

ఆయుధాలు తయారుచేయడం బ్యాక్టీరియాకు ఖర్చు. ఒంటరిగా ఉన్న కణం విషం కక్కితే తన ఉనికిని చాటుకోవడమే తప్ప లాభం లేదు. అందుకే అవి సంకేత రసాయనాలు వదిలి, చుట్టూ తమవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఆ రసాయనం చిక్కదనాన్ని బట్టి తెలుసుకుంటాయి. 1970లో హార్వర్డ్‌లో వుడ్‌ల్యాండ్ హేస్టింగ్స్ బృందం సముద్రంలో వెలుగు చిమ్మే బ్యాక్టీరియాల్లో ఈ పద్ధతిని మొదట గుర్తించింది. తగినంత మంది కూడేదాకా అవి వెలగవు. సూడోమోనాస్, స్టఫిలోకాకస్ తమ విషాల్ని విప్పేది కూడా ఇలాగే, కోరం నిండాకే.

ఎంతో ఆశ్చర్యపరిచే సంగతి ఆ తర్వాత ఉంది. నెలలూ ఏళ్ళూ సాగే ఇన్‌ఫెక్షన్లలో చాలాసార్లు ఈ సంకేత వ్యవస్థ చెడిపోయిన రకాలు బయటపడతాయి. స్టఫిలోకాకస్‌లో చిన్న చిన్న చుక్కల్లా మాత్రమే పెరిగే మందకొడి రకాలు వస్తాయి. అవి మన కణాల లోపలే, ఎముకలోనే నక్కి ఉంటాయి. పాతబడ్డ కొద్దీ ఉగ్రత తగ్గి మొండితనం పెరుగుతుంది. దాడికి వచ్చినవాళ్ళు సంసారం పెట్టుకుని స్థిరపడినట్టు.

ఆ స్థిరనివాసానికి తెలుగులో చక్కటి మాట ఉంది: పాచి. తెల్లవారి పళ్ళ మీద జిగటగా నాలుకకు తగిలేది పాచి. నీళ్ళ తొట్టి గోడన వేలు పెట్టి రాస్తే జారేది పాచి. డ్రిప్పు పైపుల్లో చుక్క ఆగిపోయినప్పుడు రైతు విప్పి చూస్తే లోపల కనిపించేదీ అదే జాతి. హాలండులో లీవెన్‌హుక్ 1683లో తన పళ్ళ పాచిని గీకి సొంతంగా తయారుచేసుకున్న కటకం కింద పెట్టి, అందులో మెదిలే జీవుల గురించి లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. ఆ పాచి ఒక నిర్మాణమని, వ్యాధుల్లో దానికి పాత్ర ఉందని వైద్యం గట్టిగా పట్టించుకోవడానికి మూడు వందల ఏళ్ళు పట్టింది. కెనడాలో పుట్టిన బిల్ కాస్టర్టన్ 1970ల చివర్లో కొండవాగుల రాళ్ళ మీది పాచిని పరిశీలిస్తూ ఆ దారి తెరిచాడు. శాస్త్రవేత్తలు దీన్ని బయోఫిల్మ్ అంటారు. నేను పాచి అనే అంటాను.

2008లో అమెరికాలో మొంటానా స్టేట్ విశ్వవిద్యాలయానికి చెందిన గార్త్ జేమ్స్ బృందం పుండ్ల నుంచి చిన్న కండముక్కలు తీసి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూసింది. మానని 50 పుండ్లలో 30 పుండ్లకు పాచి ఉంది. అప్పుడే తగిలిన 16 గాయాల్లో ఒక్కదానికే ఉంది.

పాచిలో బ్యాక్టీరియా ఒక జిగురు కక్కుతుంది. అందులో చక్కెర గొలుసులు, ప్రొటీన్లు, చచ్చిన కణాల నుంచి విడుదలైన డీఎన్ఏ పోగులు కూడా ఉంటాయి. ఆ జిగురులో కూరుకుని వేలాది కణాలు పొరలు పొరలుగా కాపురం ఉంటాయి. పైవాటికి తిండి, గాలి అందుతాయి. అడుగునవాటికి అందవు, అవి ఎదగక నిద్రపోతాయి. ఆ నిద్రే వాటికి రక్ష. యాంటీబయాటిక్‌లలో చాలావరకు పని చేసే కణాన్నే చంపుతాయి. గోడ కడుతున్న కణానికే పెన్సిలిన్ అడ్డం పడగలదు, గోడ కట్టని కణాన్ని అదేం చేస్తుంది? జెంటమైసిన్ రకం మందులు కణంలోకి వెళ్ళడానికే ప్రాణవాయువుతో నడిచే యంత్రాంగం కావాలి. పాచి అడుగున ప్రాణవాయువు ఉండదు. అందుకే విడిగా తేలే కణాన్ని చంపే మోతాదుకు వంద నుంచి వెయ్యి రెట్లు పోసినా పాచిలోది బతికి బయటపడుతుంది.

ఇక్కడ జాగ్రత్తగా చూడాలి. ఆ కణం జన్యువులేవీ మారలేదు. అది మందుకు లొంగని రకం కాదు, లొంగే రకమే. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే శాస్త్రవేత్త స్టఫిలోకాకస్ మీద పెన్సిలిన్ పోశాడు. దాదాపు అన్నీ చచ్చాయి, ఏ పది లక్షలకో ఒకటి మిగిలింది. మిగిలినదాన్ని పెంచి, దాని సంతానం మీద మళ్ళీ పెన్సిలిన్ పోస్తే మునుపటిలాగే అన్నీ చచ్చి కొన్ని మిగిలాయి. అవి వేరే జాతి కాదు. మందు వచ్చిన వేళకు నిద్రలో ఉన్నవి, అంతే.

మన రైతుకు రసిని ల్యాబులో పరీక్షించి ఇచ్చే కల్చర్ రిపోర్టు అర్థం కాకపోవడానికి కారణం ఇదే. “ఈ మందుకు క్రిమి లొంగుతుంది” అని కాగితం చెబుతుంది. మందు వాడతారు. పుండు మానదు. ల్యాబులో పరీక్షించింది పుష్టిగా తిండి పెట్టి పెంచిన విడి కణాల్ని. పుండులో ఉన్నది పాచి. పైగా పుండు పైన దూది పుల్లతో అద్దిన రసిలో దొరికేది చర్మం మీద తిరిగే ఎవరో కావచ్చు. 2009లో కోపెన్‌హేగన్ పరిశోధకులు మానని పుండ్లను పొరలుగా కోసి చూస్తే, సూడోమోనాస్ గుంపులు స్టఫిలోకాకస్ కన్నా లోతులో దాగి ఉన్నాయి. పైన అద్దితే పైనున్నవాడే దొరుకుతాడు. అందుకే పుండును శుభ్రం చేశాక లోపలి నుంచి చిన్న కండముక్క తీసి పంపాలని షుగరు పాదాల మీద అంతర్జాతీయ నిపుణుల బృందం చెబుతోంది. ఇన్‌ఫెక్షన్ లక్షణాలు లేని పుండుకు అసలు కల్చరే వద్దంటోంది.

ఇక అసలైన తట్టుకునే శక్తి సంగతి. దీన్ని ప్రకాశం జిల్లా రైతుకు నేను పుస్తకాలు తెరిచి చెప్పనక్కర్లేదు. ఆయన తన పత్తి చేలో చూశాడు. 1980ల మొదట్లో సింథటిక్ పైరెత్రాయిడ్లు వచ్చాయి. కొట్టిన సాయంత్రానికే పురుగు రాలేది. రైతులు వారానికోసారి, ఆ తర్వాత మూడు రోజులకోసారి, రెండు మందులు కలిపి, మూడు కలిపి కొట్టారు. మిత్ర పురుగులు పోయి తెల్లదోమ విజృంభించింది. 1987-88 సీజనులో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు పైరెత్రాయిడ్లకు అసలు చావలేదు. అప్పు చేసి కొన్న డబ్బాలు కొట్టినా కాయ కాయకూ పురుగే. ఆ ఏడాది పత్తి రైతుల ఆత్మహత్యల వార్తలు దేశమంతా విన్నది ఇక్కడి నుంచే.

పురుగు మందుకు “అలవాటు పడింది” అని అప్పుడూ అన్నారు, ఇప్పుడు బ్యాక్టీరియా విషయంలోనూ అంటున్నారు. ఏ పురుగూ అలవాటు పడలేదు. లక్షల్లో కొన్నింటికి మందును విరిచే ఎంజైము ముందే ఎక్కువగా ఉంది. మందు మిగతావాటిని చంపి పొలాన్ని వాటికి అప్పగించింది. శనగపచ్చ పురుగుకు తరం మారడానికి నెల పైన పడుతుంది. ఈ.కొలైకి మంచి తిండి దొరికితే ఇరవై నిమిషాలు చాలు.

బ్యాక్టీరియాకు ఇంకో సౌలభ్యం ఉంది, పురుగుకు లేనిది. అది తన జన్యువును పక్కవాడికి ఇవ్వగలదు, పక్కవాడు వేరే జాతి అయినా సరే. ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ ఉంగరం ఒక కణం నుంచి ఇంకో కణానికి దాటుతుంది. దానితో పాటు మందును కోసే ఎంజైము, మందును బయటికి తోడే పంపు వంటివాటి తయారీ విధానం చేతులు మారుతుంది. క్లెబ్సియెల్లా, ఈ.కొలై, సూడోమోనాస్ ఒకే జిగురులో ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నెలల తరబడి ఉండే చోటు ఏది? పాచి పట్టిన పుండు. దాని మీద అరకొర మోతాదులో మందు చినుకులు పడుతూనే ఉంటాయి.

ఈ ఉంగరాలు బయటపడిన కథ ఒక కొత్త మందుతో మొదలవుతుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు న్యూయార్కు దగ్గరి లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధన విభాగాన్ని నడుపుతున్న కాలంలో, అక్కడ బెంజమిన్ డగ్గర్ మిస్సోరి విశ్వవిద్యాలయం పొలం మట్టిలోని ఒక జీవి నుంచి ఆరియోమైసిన్ అనే బంగారు రంగు మందు రాబట్టాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. 1948లో అది వైద్యుల చేతికొచ్చింది, ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు. ఒకే మందు అనేక రకాల క్రిముల మీద పనిచేయడం అప్పటికి అద్భుతం. 1950లలోనే జపానులో బంక విరేచనాల క్రిములు టెట్రాసైక్లిన్‌తో సహా అనేక మందుల్ని ఒకేసారి తట్టుకోవడం కనిపించింది. ఆ జన్యువులు ఉంగరాల మీద ప్రయాణిస్తాయని జపాను శాస్త్రవేత్తలు తేల్చారు.

2008 జనవరిలో స్వీడన్‌లో ఒక రోగి మూత్రంలో కొత్త రకం క్లెబ్సియెల్లా దొరికింది. ఆయన భారతీయ సంతతివాడు, షుగరు ఉంది. అంతకుముందు నెలలో ఢిల్లీలో పిరుదు మీది పెద్ద చీముగడ్డకు ఆపరేషన్ జరిగింది, మంచాన పడి ఒరుసుకున్న పుండ్లూ ఉన్నాయి. ఆ క్రిమి దగ్గరున్న ఎంజైము ఆఖరి అస్త్రాలుగా దాచుకున్న మెరోపెనెం రకం మందుల్ని సైతం కోసేస్తుంది. ఎన్‌డీఎం-1 అని పేరు పెట్టారు. పేరులో ఢిల్లీ ఉండడం మీద పెద్ద వివాదమైంది. నాకు మాత్రం ఆ వివాదం కన్నా ఆ రోగి వృత్తాంతమే ముఖ్యంగా తోస్తుంది. షుగరు, గడ్డ, పుండు, ఆసుపత్రి మంచం, వరసగా మందులు. మన రైతు ఆసుపత్రి దారి పడితే నడిచే దారీ అదే.

మందు పుట్టే చోట కూడా ఈ కథ ఉంది. 1960లలో హైదరాబాదు బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కర్మాగారం ఐడీపీఎల్ వచ్చాక, దాని నీడన పటాన్‌చెరు చుట్టూ మందుల పరిశ్రమ పెరిగింది. ప్రపంచానికి చౌకగా యాంటీబయాటిక్ అందించినవాళ్ళలో తెలుగువాళ్ళు ముందున్నారు. అది గర్వించాల్సిన విషయమే. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం అక్కడ దాదాపు తొంభై కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించింది. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్ససిన్ ఉంది. గోళీ మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కింది వాగుల మట్టిలో మందుల్ని తట్టుకునే జన్యువులు దండిగా దొరికాయని తర్వాతి అధ్యయనాలు చూపాయి. పుండులో చేరే సూడోమోనాస్ నీటి జీవి అని మరిచిపోకూడదు.

2014 మార్చి నుంచి మన దేశంలో షెడ్యూల్ హెచ్-1 అమల్లో ఉంది. కొన్ని బలమైన యాంటీబయాటిక్‌లను చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మితే కొన్నవారి పేరు, రాసిన డాక్టరు పేరు రిజిస్టరులో రాయాలి. 2019లో కోళ్ళ మేతలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించారు. ఈ చట్టాలు అవసరమే. ముండ్లమూరు నుంచి ఆసుపత్రికి వెళ్ళాలంటే కూలి పోయి, బస్సు ఛార్జీ పెట్టి, రోజంతా వరుసలో నిలబడాలి. ఇంటి పక్కనే గోళీ దొరుకుతున్నప్పుడు మనిషి దాన్ని తీసుకోవడంలో మూర్ఖత్వం ఏమీ లేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ గోళీ ఆ పుండును మాన్పదు, అదీ బాధ.

మరి ఏది మాన్పుతుంది? మొదటి ప్రపంచయుద్ధంలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఫ్రాన్సు తీరాన బూలోన్ సైనిక ఆసుపత్రిలో పనిచేశాడు. పెన్సిలిన్‌కు ఇంకా పదేళ్ళకు పైగా ఉంది. సర్జన్లు తూటా గాయాల్లో కార్బాలిక్ ఆమ్లం వంటి ఘాటు మందులు పోసేవారు. ఫ్లెమింగ్ ఒక గాజు గొట్టాన్ని కాల్చి, మొనలు సాగదీసి, గాయంలోని సందుల్లాంటి ముళ్ళ ముళ్ళ ఆకారం తయారుచేశాడు. క్రిములున్న ద్రవంతో నింపి, పారబోసి, లోపల ఘాటు మందు పోసి, ఆ మందునూ పారబోసి, శుభ్రమైన ద్రవం నింపాడు. మర్నాటికి క్రిములు మళ్ళీ నిండాయి. సందుల్లోకి మందు పోలేదు. గాయంలో అయితే అది క్రిములకన్నా ముందు తెల్ల కణాల్నే చంపుతోందని కూడా చూపాడు. ఇవాళ్టికీ పుండులో నురగ మందు పోసి, బుసబుస పొంగితే క్రిములు చస్తున్నాయని సంతోషించే ఇళ్ళు ఉన్నాయి. ఆ పొంగు రక్తంలోని, కణాల్లోని ఒక ఎంజైము పని. కొత్త కండకు అది మంటే తప్ప మందు కాదు.

పాచిని కరిగించే మందు కన్నా గీకే చేయి మేలు. తొట్టి పాచికీ అంతే, పంటి పాచికీ అంతే. పుండు అంచున పేరుకున్న ఆనికాయను, నల్లబడ్డ కండను, జిగురు పొరను సర్జను కోసి, గీకి తీస్తాడు. ఎర్రగా రక్తం చిమ్మే కండ దాకా వెళతాడు. చూసేవాళ్ళకు భయమేస్తుంది, పుండును పెద్దది చేశాడనిపిస్తుంది. కానీ చెదిరిన పాచి మళ్ళీ కట్టుకోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ వ్యవధిలో నిద్రలేచిన కణాలు మందుకు దొరుకుతాయి. అందుకే ఒక్కసారి గీకితే చాలదు, వరుసగా చేస్తూ పోవాలి. అయితే కాలికి రక్తం సరిగ్గా పారుతోందో లేదో ముందుగా చూడాలి. పారకపోతే కోత ప్రమాదం, రక్తనాళానికి వైద్యం ముందు కావాలి.

నా ఉద్దేశంలో ఇంతకన్నా పెద్ద పాఠం చిత్తూరు పొలిమేర దాటితే వచ్చే వేలూరులో ఉంది. 1946లో అక్కడికొచ్చిన సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు రోగుల పాదాల్ని ఏళ్ళ తరబడి పరిశీలించాడు. కుష్ఠు క్రిమే కాలును తినేస్తుందని, ఆ పుండ్లు మానవని అప్పటి నమ్మకం. ఆయన పుండున్న కాలికి పిండికట్టు వేసి బరువు పడకుండా చూశాడు. పుండ్లు వారాల్లో మానాయి. పిండికట్టు విప్పి పంపితే మళ్ళీ వచ్చాయి. లోపం కండలో లేదు, నొప్పి లేకపోవడంలో ఉందని ఆయన తేల్చాడు. మనకు కాలు నొప్పెడితే తెలియకుండానే నడక మార్చుకుంటాం, కుంటుతాం. నొప్పి తెలియనివాడు కుంటడు, పుండు మీదే నడుస్తాడు. అక్కడే చెప్పులు కుట్టేవాళ్ళతో కలిసి మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరుతో పాదరక్షలు తయారుచేయించాడు. ఇప్పటికీ ఎంసీఆర్ చెప్పులుగా దొరికేవి అవే. తర్వాత 1960లలో అమెరికా వెళ్ళి, అదే పద్ధతిని షుగరు పాదాలకు వర్తింపజేశాడు. అరికాలి షుగరు పుండుకు ఇవాళ ప్రపంచమంతా మొదట చెప్పే వైద్యం ఆ బరువు తప్పించడమే.

బ్రాండ్ కట్టిన పిండికట్ల కింద పుండులో బ్యాక్టీరియా లేదని కాదు. ఉంది. అడుగు అడుగునా నలగడం ఆగిన కండకు దాన్ని గెలిచే బలం వచ్చింది.

యాంటీబయాటిక్ అక్కర్లేదని దీని అర్థం కాదు. పుండు చుట్టూ ఎరుపు అర సెంటీమీటరు దాటి పాకడం, వాపు, వేడి, నొప్పి, చీము, వీటిలో రెండు కనిపిస్తే అది ఇన్‌ఫెక్షన్. జ్వరం, చలి, ఎరుపు గీతలా కాలి పైకి ఎక్కడం, ఎముక తగలడం, దుర్వాసనతో నల్లబడడం కనిపిస్తే ఆ రాత్రే ఒంగోలో గుంటూరో బయల్దేరాలి. అప్పుడు మందు ప్రాణాన్నీ కాలునూ నిలబెడుతుంది. ఎముకకు పాకకపోతే ఒకటి రెండు వారాలు చాలు. పుండు మానేదాకా గోళీలు మింగనక్కర్లేదు. ఈ లక్షణాలేవీ లేకుండా రసి కారుతూ ఉన్న పుండుకు గోళీ ఇస్తే, పాచిలోని ఉంగరాలు చేతులు మారడానికి తప్ప దేనికీ పనికిరాదు.

మన రైతు కాలికి ఇప్పుడు కావాల్సినవి ఇవి: మూడు రోజులకోసారి పుండు గీకి కట్టు కట్టే చేయి, షుగరును అదుపులో ఉంచే మాత్రలో ఇన్సులినో, బొటనవేలి కింద గుంట చెక్కిన మెత్తటి చెప్పు, మిరప కోతలయ్యేదాకా పొలం చూసుకునే కొడుకో తమ్ముడో. ఇంకా, రాత్రి పడుకునే ముందు నేల మీద చిన్న అద్దం పెట్టి, రెండు అరికాళ్ళూ అందులో చూసి, వేళ్ళ సందులు తడిమే భార్య వేళ్ళు. అతనికి తెలియని నొప్పి ఆ వేళ్ళకే ముందుగా తెలుస్తుంది.